వంకాయ రంగు చీర

ముందే చెప్పేస్తున్నాను, నేను కంప్యూటర్ల మనిషిని కాను. విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు చూస్తాను. పొద్దస్తమానం ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు. ఆ పనికి పదేళ్ల నాటి కంప్యూటరైనా సరిపోతుంది. మరి ర్యామ్ టైమింగుల జోలికి ఎందుకు వెళ్లావయ్యా అంటే, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది. నాకు రావాల్సిందేదో పూర్తిగా రావడం లేదన్న అనుమానం. ఈ అనుమానం మీకూ కొత్త కాదు. అరకిలో టమాటాలు ఇంటికొచ్చాక మళ్లీ తూచుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

2019 దసరాకి బోనస్ వస్తే కంప్యూటర్ కట్టించుకున్నాను. రైజన్ 5 3600 ప్రాసెసరు, బి450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యాములు రెండు. ర్యామ్ పెట్టె మీద పెద్దక్షరాలతో 3200 అని ఉంది. మూడు నెలల తర్వాత, సంక్రాంతి సెలవుల్లో, ఊరికే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే అక్కడ 2400 అని ఉంది. డబ్బులిచ్చింది 3200కి, నడుస్తున్నది 2400కి! ఒళ్లు మండిపోయింది. అమ్మినవాడికి ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. అతను ఓపిగ్గా విని, "బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశారా అండీ?" అన్నాడు. అదేమిటో నాకు తెలీదు. ర్యాములు ముందు ప్రామాణికమైన నెమ్మది వేగంలోనే లేస్తాయి. పెట్టె మీద రాసిన వేగం కావాలంటే వాటిలోనే దాచి ఉంచిన ఎక్స్‌ఎంపీ అనే పట్టికని మనం ఆన్ చేసుకోవాలి. ఒక్క మీట. నొక్కాను. 3200 వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

కానీ ఆ మీట పక్కనే ఇంకో తెర ఉంది. అందులో అంకెలు, ఒకటీ రెండూ కాదు, నలభై దాకా. పైన నాలుగు మాత్రం పెద్దమనుషుల్లా కూర్చున్నాయి: 16, 18, 18, 36. ఇవే టైమింగులట, తగ్గిస్తే వేగం పెరుగుతుందట. ఆడిటర్ గారి దగ్గర పదకొండేళ్లుగా చేస్తున్నవాణ్ణి, తగ్గించగలిగే అంకె కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా?

ఆ అంకెలేమిటో నాకు తెలిసింది చాలా తర్వాత, తగలాల్సిన దెబ్బ తగిలాక. మీకు మాత్రం ఇప్పుడే చెబుతాను. మా ఊరి వస్త్రలత మార్కెట్లో హోల్‌సేల్ చీరల కొట్టుకి వెళ్లారనుకోండి. అరల నిండా కట్టలు. మీరొక చీర అడుగుతారు. గుమాస్తా ముందు ఆ కట్టని అరలోంచి దించి పరుపు మీద విప్పాలి. దానికి పట్టే సమయం టీ-ఆర్‌సీడీ. విప్పిన కట్టలోంచి మీరడిగిన చీర లాగి చేతికివ్వడం సీఎల్, అంటే ఆ మొదటి అంకె. ఇంకో కట్టలోది కావాలంటే విప్పినదాన్ని మడిచి సర్దేయాలి, అది టీ-ఆర్‌పీ. నాలుగోది టీ-ఆర్‌ఏఎస్, ఒకసారి విప్పిన కట్టని కనీసం ఎంతసేపు పరిచి ఉంచాలన్న లెక్క. ఎందుకు ఉంచాలంటే, ర్యామ్‌లో ఒక వరసని చదవడమంటే దానిలో దాచిన విద్యుత్తుని బయటికి ఒంపేయడమే. మళ్లీ నింపి గాని మూయకూడదు. చీరల కొట్టులో ఈ బాధ లేదు, చూసినంత మాత్రాన చీర రంగు పోదు. కంప్యూటర్లో పోతుంది. ఆ మాట గుర్తుంచుకోండి, మా అమ్మ చీర దగ్గర పనికొస్తుంది.

నా మొదటి తెలివితక్కువతనం ఏమిటంటే, చిన్న అంకె అయితే చాలు, మంచిదే అనుకోవడం. ఎవరో వేగం తగ్గిస్తే టైమింగులూ తగ్గించుకోవచ్చన్నారు. 3200ని 2666కి దించి, సీఎల్ 14 పెట్టుకుని మురిసిపోయాను. పదహారు ఎక్కడ, పద్నాలుగు ఎక్కడ! ఆ పద్నాలుగు నిమిషాలా, సెకన్లా, గడియలా అని నాకు నేను అడిగి ఉంటే బాగుండేది. అవి గడియారపు టిక్కులు. 3200 ర్యామ్‌లో టిక్కు నిడివి 0.625 నానోసెకను, పదహారు టిక్కులంటే 10 నానోసెకన్లు. 2666లో టిక్కు 0.75, పద్నాలుగు టిక్కులు 10.5. అంటే బోనస్ డబ్బులతో కొన్న ర్యామ్‌ని నా చేత్తో నేనే నెమ్మది చేసుకుని, ఇంట్లో అందరికీ కాఫీలు పెట్టి ఇచ్చాను. రోజూ జనం లెక్కల్లో తప్పులు పట్టే ఉద్యోగం నాది.

ఇంకో ముచ్చట ఇంతకన్నా బావుంటుంది. మళ్లీ 3200కి వచ్చి, సీఎల్ 16ని 15 చేశాను. విండోస్ చకచకా లేచినట్టనిపించింది. ఎక్సెల్ కూడా మునుపటికన్నా చురుగ్గా ఉందని మా ఆవిడతో అన్నాను. ఆమె తలూపింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ బోర్డులో గేర్ డౌన్ మోడ్ అని ఒకటి ఆన్‌లో ఉంది. అది ఉన్నంతసేపూ బేసి అంకె ఇస్తే పైనున్న సరి అంకెకి జరిపేస్తుంది. నేను 15 అని రాశాను, అది 16 అని చదువుకుంది. ఆ వారమంతా నేను అనుభవించిన వేగం పూర్తిగా నా సొంతం.

ఆ తర్వాత అసలు కథ. ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు, ఆటల కోసం కంప్యూటర్ మీద ప్రాణం పెట్టే రకం. వాడి దగ్గరా 3200 ర్యాములే. వాడి బయోస్ తెర ఫోటో తీసి వాట్సాప్‌లో పంపించాడు. 14, 14, 14, 28. కింద టీ-ఆర్‌ఎఫ్‌సీ అని ఒక అంకె, 280. నా దాంట్లో అదే అంకె 560 ఉంది. సగానికి సగం! నా ర్యాములూ 3200, వాడివీ 3200, ఆకారం కూడా ఒకేలా ఉంది. ఒకే సైజు చెప్పులని పక్కింటాయనవి వేసుకెళ్లినట్టు, ఆ రాత్రే అంకెలన్నీ ఎక్కించేశాను.

తెర నల్లగా ఉండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ తిరుగుతున్నాయి. పావుగంట చూశాను. చెమటలు. మదర్‌బోర్డు పుస్తకం తీస్తే, ఫలానా రెండు పిన్నులని కలిపి బయోస్‌ని మొదటికి తెచ్చుకోమని ఉంది. స్క్రూడ్రైవర్ కోసం నాన్నని లేపక తప్పలేదు. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి అప్పటికి రెండేళ్ల కింద రిటైరయ్యారు. అర్ధరాత్రి అయినా, స్క్రూడ్రైవర్ అనేసరికి ఆయన మొహం వెలిగింది. టార్చి పట్టుకుని పక్కన కూర్చున్నారు.

"ఏం చేస్తున్నావురా?"

"టైమింగ్ మారుస్తున్నా నాన్నా. ఫాస్ట్‌గా వెళ్లుద్దని."

"టైమింగా? మా కుర్రాళ్లూ పంపు టైమింగ్ కాస్త ముందుకి జరిపేవాళ్లు. బండి బాగా లాగుద్దని. డిపోలో చల్లగా ఉన్నప్పుడు ఏం తెలీదు. ఎండలో లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు టకటకలాడుద్ది. అప్పుడు నన్ను పిలిచేవాళ్లు."

"ఇది డీజిల్ బండి కాదు నాన్నా," అన్నాను. అన్నానా, ఆ మాట ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

పిన్నులు కలిపితే కంప్యూటర్ లేచింది. అప్పుడైనా ఆగాలి కదా. ఆగకుండా బేరం మొదలెట్టాను. బీసెంట్ రోడ్డులో అలవాటైన బేరమే. పద్నాలుగుకి ఒప్పుకోవా, సరే రెండోది పదిహేడు ఇస్తా. 280 కుదరదా, 400 తీసుకో. 400 కూడా కాదా, 440? 460? 460 దగ్గర తెర వెలిగింది. ఓల్టేజీ 1.35 నుంచి 1.45కి పెంచాను. ఎందుకు పెంచానంటే, కుర్రాడి ఫోటోలో అలా ఉంది కాబట్టి. చివరికి 14, 17, 16, 32, టీ-ఆర్‌ఎఫ్‌సీ 460. పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఎక్కించి, తెల్లవారుజామున మూడింటికి ఒక్క పాస్ నడిపించాను. ఒక్క తప్పూ లేదు. నాలుగు పాసులు నడపాలంటారు గానీ నిద్రొస్తోంది. పైగా విండోస్ లేస్తోందిగా! లేస్తే సరిగ్గా ఉన్నట్టే అన్నది అప్పటి నా శాస్త్రం.

లాభం ఎంతంటే, ర్యామ్ జవాబివ్వడానికి పట్టే సమయం కొలిచే ప్రోగ్రాములో 76 నానోసెకన్ల నుంచి 71కి తగ్గింది. అయిదు నానోసెకన్లు. జీఎస్టీ రిటర్ను వేయడంలో ఆ అయిదూ ఎక్కడ కలిసొచ్చాయో నేను ఇప్పటికీ చూపించలేను.

ఆ ఫిబ్రవరిలోనే నాన్న షష్టిపూర్తి చేశాం. అమ్మ ఆకుపచ్చ కంచి పట్టుచీర కట్టుకుంది. నాన్న రెండోసారి తాళి కట్టేటప్పుడు చేతులు వణికాయి. తలంబ్రాల దగ్గర అమ్మ దోసెడు పోస్తే నాన్న తల పక్కకి తిప్పేశారు, అందరూ పగలబడి నవ్వారు. కిరాయి ఫోటోగ్రాఫరు వరసగా నిలబెట్టి తీసినవి ఎలాగూ ఉంటాయి. కానీ గుడివాడ బావ, అంటే మా అక్క భర్త, కొత్త కెమెరా కొన్నాడు. ఎవరూ చూడనప్పుడు వాళ్ల మొహాలు తీశాడు. ఆరువందల పైచిలుకు. ఫంక్షన్ అయిన మర్నాడు కార్డు తీసుకుని నా కంప్యూటర్లో కాపీ చేశాను. అక్కడి నుంచి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కి ఇంకో కాపీ. బ్యాకప్ అన్నమాట, లెక్కల మనిషిని కదా. తర్వాత కార్డు కెమెరాలో పెట్టి ఫార్మాట్ కొట్టబోతుంటే బావ, "రెండు రోజులు ఉండనియ్యి బావమరిదీ, తొందరేముంది" అన్నాడు.

"రెండు చోట్ల ఉన్నాయి బావా. ఇంకెందుకు?" అని కొట్టేశాను.

మార్చి నెలాఖరుకి లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసు పని ఇంట్లోనే. ఏప్రిల్ నుంచి చిన్న చిన్న వింతలు మొదలయ్యాయి. క్రోమ్‌లో ఒక ట్యాబు ఉన్నట్టుండి చచ్చిపోయేది. ఒక ఎక్సెల్ ఫైలు తెరుచుకోనని మొరాయించి, రిపేరు చెయ్యమంటారా అని అడిగింది. వారానికోసారి నీలం తెర. ఆ నీలం తెర మీద కారణం కూడా రాసి ఉండేది, మెమరీ మేనేజ్‌మెంట్ అని. ఇంతకన్నా ఎవరైనా ఏం చెప్పగలరు? నేను మాత్రం విండోస్ అప్‌డేట్‌ని తిట్టుకున్నాను. ఆ తర్వాత కరెంటుని. ఆ తర్వాత యాంటీవైరస్‌ని మార్చాను. నేను చెయ్యి పెట్టినచోట తప్ప ఇల్లంతా వెతికాను.

మే మధ్యలో ఒకరోజు అమ్మకి తోచక షష్టిపూర్తి ఫోటోలు టీవీలో పెట్టమంది. పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టాను. నవ్వుకుంటూ చూస్తున్నాం. తలంబ్రాల ఫోటో వచ్చింది. అమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఒరేయ్, నా చీర ఆకుపచ్చ కదరా. ఇదేంటి వంకాయ రంగు?"

చూశాను. నాన్న మొహం బాగానే ఉంది. ఆయన భుజం దగ్గర సన్నగా ఒక గీత, గీత కింద నుంచి లోకమంతా వంకాయ రంగు. అమ్మ చీర, బియ్యం, పీటలు, పంతులు గారి పంచె, అన్నీ. ఇంకో పది ఫోటోల తర్వాత ఇంకోటి, దాంట్లో సగం బొమ్మ పక్కకి జరిగిపోయి అమ్మ తల అక్కయ్య మెడ మీద ఉంది. మొత్తం లెక్కపెడితే 41. జేపెగ్ ఫోటోలో ఒక్క బిట్టు తిరగబడినా చాలు, ఆ చోటు నుంచి కిందికి రంగుల లెక్క అంతా తప్పిపోతుంది. ఇది కూడా తర్వాత తెలుసుకున్నదే. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని బ్యాకప్ తెరిచాను. అందులోనూ అదే వంకాయ రంగు, అదే గీత దగ్గర. తప్పు లెక్కని జాగ్రత్తగా రెండు పుస్తకాల్లో ఎక్కించానన్నమాట.

ఎవరిది తప్పు? నాది అయ్యే అవకాశమే లేదు. బావకి ఫోన్ చేశాను.

"కార్డు చవకది కొన్నావా బావా?"

"మంచి కంపెనీదే. ఎందుకు?"

"ఫోటోలు పాడయ్యాయి. కార్డులోనే లోపం. ఆ కార్డు ఇంక వాడకు, పనికిరాదు."

బావ మెత్తని మనిషి. "అయ్యో, కెమెరాలో చూసినప్పుడు బానే ఉన్నాయే" అన్నాడు. "కెమెరా తెర చిన్నది, నీకు తెలిసుండదు" అన్నాను. మరో రెండు మాటలు కూడా అన్నాను. వాటిని ఇక్కడ రాయను. అక్క నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆ నాలుగు రోజులూ నాకు పట్టుదల పెరిగింది. నా మెషీన్‌లో లోపం లేదని పద్ధతిగా, సాక్ష్యంతో రుజువు చెయ్యాలి. ఆడిట్ మనిషికి సాక్ష్యమంటే ఇష్టం. ఫైలుకి వేలిముద్ర తీసే కమాండ్ ఒకటి విండోస్‌లోనే ఉంది. షా-256 అంటారు. ఎంత పెద్ద ఫైలైనా 64 అక్షరాల ముద్ర ఇస్తుంది. ఫైల్లో ఒక్క బిట్టు మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. కిరాయి వీడియోగ్రాఫరు ఇచ్చిన 22 జీబీ ఫైలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉంది. నా ర్యామ్ 16 జీబీయే. కాబట్టి ఫైలంతా ర్యామ్‌లో నిలవదు, ప్రతిసారీ డిస్క్ నుంచి కొత్తగా చదవాల్సిందే. రెండుసార్లు ముద్ర తీస్తాను, రెండూ ఒకటే వస్తాయి, ఆ తెర ఫోటో తీసి బావకి పంపిస్తాను. ఇదీ పథకం.

రోహిణీ కార్తె అప్పుడే మొదలైంది. రోళ్లు పగిలే ఎండ అంటారే, అదే. మధ్యాహ్నం రెండు. ముందు గదిలో కూలరుంది, నాన్న దాని ముందు నిద్రపోతున్నారు. నా గదిలో ఫ్యాన్ వేడిగాలిని తిప్పుతోంది. కంప్యూటర్ పెట్టె అద్దం మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. మొదటి ముద్ర వచ్చింది. పాత ట్రయల్ బ్యాలెన్స్ కాగితం వెనక మొదటి ఎనిమిది అక్షరాలు రాసుకున్నాను. రెండోసారి నడిపించి, నీళ్లు తాగి వచ్చాను.

కాగితం చూశాను. తెర చూశాను. మళ్లీ కాగితం. నేనే తప్పు రాసుకున్నానేమో. పైకి జరిపి మొదటి ముద్ర చూశాను. సరిగ్గానే రాశాను. రెండూ వేరు. ఒక్క అక్షరం తేడా కాదు, అసలు పోలికే లేదు. మూడోసారి నడిపించాను. ఈసారి లేవలేదు, తెర ముందే కూర్చున్నాను, చెమట కళ్లల్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు. మూడో ముద్ర మొదటి దానితోనూ కలవలేదు, రెండో దానితోనూ కలవలేదు.

ఆ ఫైల్లో బావ కార్డు లేదు. బావ కెమెరా లేదు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఒకే ఫైలుని ఒకే మెషీన్ మూడుసార్లు చదివి మూడు రకాలుగా చెబుతోంది. సాక్షి మాట మార్చినప్పుడు ఆడిటర్ గారు ఏమీ అనరు, పెన్ను మూత పెట్టి అవతలివాడి మొహంలోకి చూస్తారు. నాకు ఆ చూపు గుర్తొచ్చింది. అప్పుడు, వరసగా, ఆగకుండా, అన్నీ గుర్తొచ్చాయి. నీలం తెర మీది అక్షరాలు. 460 దగ్గర తెగిన బేరం. చలికాలం తెల్లవారుజామున నడిపిన ఒక్క పాసు. రెండు రోజులు ఉండనియ్యి అన్న బావ గొంతు. పక్క గదిలోంచి నాన్న గురక వినిపిస్తోంది, ఎండలో లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు అన్న మాట కూడా.

పెన్‌డ్రైవ్ తీసి మెమ్‌టెస్ట్ పెట్టాను. జనవరిలో ఒక్క తప్పూ లేని ర్యామ్, పన్నెండో నిమిషంలో ఎర్ర గీతలు చూపించింది.

ఆ 460 అంకె అసలేమిటో చదువుకోవడానికి కూర్చున్నది ఆ సాయంత్రమే. ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక్కో చిన్న కెపాసిటర్, చిల్లి కుండ అనుకోండి. నింపిన కాసేపటికి కారిపోతుంది. అందుకని 64 మిల్లీసెకన్లలో కుండలన్నీ ఒకసారి మళ్లీ నింపాలని నియమం. అన్నీ ఒకేసారి కాదు, 8192 వాయిదాల్లో. అంటే ప్రతి 7.8 మైక్రోసెకన్లకి ఒక వాయిదా. ఒక్కో వాయిదాకి ఇచ్చే సమయమే టీ-ఆర్‌ఎఫ్‌సీ. 8 గిగాబిట్ల చిప్పులకి ప్రమాణం 350 నానోసెకన్లు, 3200 వేగంలో లెక్కేస్తే సరిగ్గా 560 టిక్కులు. మొదట్లో నా బయోస్‌లో ఉన్నది అదే. నేను ఇచ్చినది 288 లోపు. నీళ్లు పోసేవాడిని సగంలో గెంటేస్తున్నానన్నమాట. పైగా వేడికి కుండలు ఇంకా త్వరగా కారతాయి. జనవరి తెల్లవారుజామున అంచు దాకా ఆగిన నీళ్లు రోహిణీ కార్తెలో ఆగలేదు. ఇంతా చేసి మిగిల్చిందేమిటి? 7,800 నానోసెకన్లలో ర్యామ్ 350 నింపుకోవడానికి తీసుకునేది, నేను దాన్ని 288 చేశాను. నూటికి ఒక్క పాలు కూడా లేదు.

మరి కుర్రాడికి 280 ఎలా నడిచింది? ర్యామ్‌లో ఏ చిప్పులున్నాయో చదివి చెప్పే ప్రోగ్రాము ఒకటుంది. వాడివి శామ్‌సంగ్ బి-డై అనే రకం. టైమింగులు బిగించడానికి ఆ రోజుల్లో దానికి మించింది లేదు, అందుకే ధర కూడా ఎక్కువ. నావి మైక్రాన్ ఈ-డై. అవీ మంచివే, వేగం పెంచితే ఉత్సాహంగా వెళతాయి. కానీ వాటి దగ్గర టీ-ఆర్‌సీడీ, టీ-ఆర్‌ఎఫ్‌సీ తగ్గించమని అడక్కూడదు. పెట్టె మీద అంకె ఒకటే. లోపలి మనిషి వేరు. బి-డై కూడా అంత బిగిస్తే వేడికి తడబడుతుందని విన్నాక, ఆ కుర్రాడికి ఫోన్ చేసి, మధ్యాహ్నం పూట ఒకసారి పరీక్షించుకోరా అన్నాను. వాడు నవ్వి, "మా గదిలో ఏసీ ఉంది సార్" అన్నాడు.

బావకి ఫోన్ చేయడానికి మాత్రం ఇంకో రోజు పట్టింది. నంబరు నొక్కడం, కట్ చేయడం. చివరికి మొత్తం చెప్పాను, ముద్రల సంగతితో సహా. బావ చాలాసేపు విని, "అంటే నా కార్డు బానే ఉందా?" అన్నాడు. అప్పుడు నాకు మెరుపులా తట్టింది. నేను కొట్టింది మామూలు ఫార్మాట్. దాంతో కార్డులోని విషయసూచిక పోతుంది గానీ ఫోటోలు నిజంగా చెరిగిపోవు. మీద కొత్తవి పడితేనే పోతాయి. లాక్‌డౌన్‌లో బావ కెమెరా బయటికే తియ్యలేదు. వాటిని వెనక్కి లాగే ప్రోగ్రాములు బోలెడున్నాయి.

"బావా, కార్డు జాగ్రత్తగా పెట్టు. దేనికీ వాడకు. దాంట్లో ఇంకా ఉంటాయి ఫోటోలు."

అవతల కాసేపు మాట లేదు.

"నువ్వేగా పనికిరాదన్నావు. మొన్న చెత్తబండిలో వేసేశా."

ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత బావ నవ్వాడు. ఆ నవ్వు కంటే ఆయన నాలుగు తిట్టినా తేలిగ్గా ఉండేది.

ర్యామ్‌ని తిరిగి ఎక్స్‌ఎంపీకి తెచ్చేశాను. ఏప్రిల్ నుంచి నా చేతుల మీదుగా వెళ్లిన ఫైళ్లన్నీ రెండు రోజులు కూర్చుని కాగితాలతో సరిచూసుకున్నాను. క్లయింట్ల అంకెలు మారలేదు. ఎక్సెల్ ఫైలు లోపల సరిచూసుకునే ఏర్పాటు ఉంటుంది, రాసిన ఫైలు తర్వాత పాడైతే మామూలుగా తెరుచుకోనంటుంది తప్ప గుట్టుగా అబద్ధం చెప్పదు. జేపెగ్ ఫోటోలకి ఆ ఏర్పాటు లేదు.

పిచ్చి పూర్తిగా వదిలిందా అంటే లేదు. ఆ వర్షాకాలం మళ్లీ మొదలెట్టాను, ఈసారి కాగితం పెన్నుతో. ఒకసారికి ఒక్క అంకె. మార్చడం, నాలుగు పాసులూ నడపడం, రాసుకోవడం. నెల పట్టింది. చివరికి తేలిందేమిటంటే, ఆ ప్రాసెసరుకి టైమింగులు గిల్లడం కన్నా ర్యామ్‌ని 3600కి పెంచి, ప్రాసెసరు లోపలి భాగాలని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ని దానికి జోడీగా 1800లో నడపడమే ఎక్కువ కలిసొచ్చింది. అందుకోసం సీఎల్ 16 నుంచి 18కి పెంచాను. అవును, పెంచాను. 3600లో పద్దెనిమిది టిక్కులంటే అవే 10 నానోసెకన్లు. టీ-ఆర్‌ఎఫ్‌సీ జోలికి పోలేదు, దాని 350 దానికి ఇచ్చేశాను. ఓల్టేజీ 1.35.

ఆ 41 ఫోటోలు చెరపలేదు. అమ్మ వంకాయ రంగు చీర ఫోటోనే ప్రింటు తీయించి టీవీ పక్కన పెట్టుకుంది. చూసినవాళ్లు రెండు చీరలు మార్చావా వదినా అని అడుగుతుంటారు. మా అబ్బాయి కొనిపెట్టాడు అంటుంది.

ఏటా రోహిణీ కార్తెలో ఒక ఆదివారం మధ్యాహ్నం మెమ్‌టెస్ట్ నడుపుతాను. ఇప్పుడు నా గదిలోనూ ఏసీ ఉంది, ఆ నాలుగు గంటలూ ఆపేస్తాను. పోయిన వేసవిలో నాన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఏసీ ఎందుకు ఆపావురా? చచ్చిపోతున్నాం."

"టైమింగ్ చూస్తున్నా నాన్నా."

ఆయన లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, తువ్వాలుతో విసురుకుంటూ తెర ముందు కూర్చున్నారు. మూడో పాసు నడుస్తోంది. కాసేపు చూసి, "ఇందులో టకటకలాడితే ఎలా వినపడుద్ది?" అన్నారు.